కుక్కరు నుండి నీరు కారునప్పుడు

ఉదయము ఎనిమిది గంటలకు పిల్లలను బడికి పంపవలసిన యింట ప్రెషర్ కుక్కరు మొరాయించినచో తల్లికి కలుగు తొందర మన మెరుగనిది కాదు. మూత అంచునుండి నీరు కారి పొయ్యిమీద పడును, మంట రెపరెపలాడును, విజిల్ రాదు, పప్పు ఉడుకదు. అట్టి సమయమున కొందరు మూతను గుడ్డతో అదిమిపట్టుదురు. కొందరు విజిలుపై బరువుంచుదురు. కొంతకాలము క్రిందట మా యింటను ఇట్లే జరిగినది. విజిలుపై పొత్రము నుంచబోవుచుండగా మేము చూచి పొయ్యి ఆర్పివేసితిమి. కుక్కరు చల్లారిన పిమ్మట మూత తీసి చూడగా, దోషము ఒక్క అన్నపు మెతుకు! అది రబ్బరు క్రింద ఎండి అంటుకొని యుండెను. మెతుకు చేసిన తప్పునకు పొత్రము మందు కాదు. కావున ఈ విషయమును తల్లిదండ్రులకు వివరింపదలచితిమి.

మొదట కుక్కరు పనిచేయు విధమును తెలిసికొనవలెను. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఇంత యెత్తున మూయని పాత్రలో నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 97 డిగ్రీలకే మరుగును. అందుచేత పప్పుదినుసులు ఉడుకుట కొంత ఆలస్యమగును. కుక్కరులో ఆవిరి వెలికి పోలేక పీడనము పెరుగును. అప్పుడు నీరు సుమారు 120 డిగ్రీలకు గాని మరుగదు. అందుచేతనే వంట త్వరగా ముగియును. ఇట్టి పాత్రను ఫ్రాన్సు దేశీయుడగు డెనిస్ పాపిన్ 1679లో లండను నగరమున ప్రదర్శించెను. పాత్ర పగులకుండుటకై, పీడనము హెచ్చినప్పుడు బరువును ఎత్తుకొని ఆవిరి వెలువడు కవాటమును ఆయన కల్పించెను. మన విజిల్ ఆ కవాటమునకు వారసురాలు. అది కూయుట వంట సంగతి చెప్పుటకు మాత్రమే కాదు. పాత్ర ఊపిరి విడుచుట. ఆ ఊపిరిని బిగించుట ప్రమాదకరము.

నీరు కారుచున్నచో ముందుగా పొయ్యి ఆర్పి, గ్యాసు తిరుగుడు మూసియున్నదో లేదో చూడవలెను; కారిన నీటికి మంట ఆరి, గ్యాసు మాత్రము వచ్చుచుండవచ్చును. పీడనము పూర్తిగా తగ్గువరకు మూతను ముట్టరాదు. పిదప నీరు ఎచ్చటినుండి వచ్చినదో గమనింపవలెను. చోటును బట్టి కారణము తెలియును.

మొదటిది, మూత అంచు. విజిల్ రాకమునుపు ఒకటి రెండు చుక్కలు కారి ఆగిపోయినచో అది దోషము కాదు. ఆవిరి చల్లబడి నీరైనది. ఆగక కారినచో గ్యాస్కెట్టు అను రబ్బరును తీసి కడిగి, మెతుకులు లేకుండ తుడువవలెను. అది గట్టిపడినను, పగిలినను, సాగినను మార్చవలసినదే. బాగుగనే కనబడినచో ఒక పరీక్ష కలదు. రబ్బరును సగము చుట్టు త్రిప్పి అమర్చి, రెండు గ్లాసుల నీరు మాత్రము పోసి కాచి, దూరముగా నిలిచి చూడవలెను. కారుచోటు రబ్బరుతోపాటు జరిగినచో దోషము రబ్బరుది. పాతచోటనే కారినచో పాత్ర అంచో, మూత అంచో నొక్కుకుపోయినదని గ్రహింపవలెను. పిడిమరలు వదులై మూత సరిగా కూర్చుండకపోయినను ఇట్లే జరుగును.

రెండవది, విజిల్. అచ్చటినుండి నురుగుతో నీరు చిమ్మినచో పాత్ర నిండుగా నున్నదని గాని, మంట ఎక్కువైనదని గాని అర్థము. పాత్రలో మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. కందిపప్పు, అనపగింజలు పొంగును గనుక సగమునకు మించరాదు. బోరునీటి సున్నపు తెలుపు విజిలు గొట్టములో పేరుకొనును; దానిని చింతపండు పులుసులో నానవేసి, సన్నని తీగతో శుభ్రపరుపవలెను. వంటకు ముందు గొట్టమును వెలుతురునకు పట్టి, రంధ్రము కనబడుచున్నదో లేదో ప్రతిదినము చూచుట మంచిది.

మూడవది, మూతపైనున్న రక్షణ కవాటము. లోపలి నీరింకి పాత్ర వేడెక్కినప్పుడు అది కరగి, ఆవిరికి దారి యిచ్చును. అచ్చట పిండిగాని, మైనముగాని పూయరాదు. ఆ కుక్కరునకు తగిన క్రొత్తదానినే వేయింపవలెను. నూతన కుక్కరు కొనువారు ఐ.యస్.ఐ. గుర్తును చూడవలెను, 2021 ఫిబ్రవరి 1 నుండి అది తప్పనిసరి.

ఆవిరితో వండు ఓవెన్లు కొన్నవారికిని ఈ క్రమమే వర్తించును: తలుపు రబ్బరు, నీటితొట్టి కూర్చున్న తీరు, ఆవిరి చల్లబడి నీరై చేరు పళ్లెము, ఈ మూడింటిని వరుసగా చూచి, పిదపనే పనివానిని పిలువవలెను. చూచుటకు ముందు విద్యుత్తును ఆపుట మరువరాదు.

ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునప్పుడు సుమారు 540 కెలోరీల వేడిని విడుచును. ఆవిరి కాలిన గాయము మరుగునీటి గాయముకంటె లోతుగా నుండుటకు ఇదియే హేతువు. పీడనము, ఆవిరి, కవాటము అను మాటలను మన పిల్లలు బడిలో తెలుగుననే నేర్చుచున్నారు. ఒక సాయంకాలము చల్లారిన కుక్కరును ముందుంచుకొని, దాని భాగములను వివరింపుమని వారిని అడుగుడు. వారు చెప్పగలిగినచో ఇల్లును క్షేమముగా నుండును. మా పాఠమును ఫలించినట్లగును.