సూక్ష్మదర్శిని: చూచుట నేర్చుకొనుట

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమను కోసి, దాని జీర్ణాశయమును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండెను. గాలి వీచినచో దోమలు ఎగిరిపోవునని పంకాను కూడ వేయించుకొనలేదు. చెమట సోకి పరికరపు మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన ఒక్క కంటికటకము కూడ పగులువారెను. అట్టి పరికరముతోనే ఆయన దోమ కడుపుగోడలో నల్లని రేణువులుగల కణములను కనుగొనెను. మలేరియాజీవి దోమలో పెరుగుననుటకు అదియే తొలి ఆధారము. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కావున పరికరపు మేలిమికంటె చూచువాని అభ్యాసమే ముఖ్యమని గ్రహింపవలెను.

వైద్యప్రయోగశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థి సూక్ష్మదర్శినిలో మొదట ఏమి చూచును? తన కనురెప్పల నీడను! ఇందుకు సిగ్గుపడ నక్కఱలేదు. కంటికటకము వస్తువును 10 రెట్లు పెంచును. దిగువనున్న వస్తుకటకములు సాధారణముగ 4, 10, 40, 100 రెట్లు పెంచునవి. ఈ రెంటిని గుణించినచో మొత్తము వృద్ధి తెలియును. ఎల్లప్పుడు చిన్న కటకముతోనే ఆరంభింపవలెను. ప్రక్కనుండి చూచుచు కటకమును గాజుపలకకు దగ్గఱగా తెచ్చి, పిదప కంటితో లోపల చూచుచు దూరముగా జరుపవలెను. లోపల చూచుచు దగ్గఱకు త్రిప్పువాడు ఏనాటికైనను పలకను పగులగొట్టును. పెద్ద కటకములతో చూచునపుడు పెద్దమరను ముట్టరాదు, చిన్నమర చాలును.

నూఱు రెట్ల కటకమునకును పలకకును నడుమ మిల్లీమీటరులో నాలుగవవంతు దూరమైనను ఉండదు. గాజునుండి గాలిలోనికి వచ్చు వెలుగు వంగి, ఆ చిన్న కటకములో చొరక ప్రక్కలకు పోవును. నడుమ ఒక చుక్క ప్రత్యేకతైలము వేసినచో, అది ఇంచుమించు గాజువలెనే వెలుగును నడపును గనుక, కిరణములు సూటిగా లోనికి పోవును. తైలము వేసిన పిదప 40 రెట్ల కటకమును అటువైపు త్రిప్పరాదు. దానికి తైలమంటినచో చూపు మసకబాఱును.

ఇక నెత్తురుపూత సంగతి. పలుచని పూతకు పలకపై చిన్న బొట్టు నుంచి, మఱియొక పలకను 30 నుండి 45 డిగ్రీల వాలున ఆనించి, ఆగక ఒకేసారి ముందునకు నెట్టవలెను. ఆఱిన పిదప మిథైలు ఆల్కహాలులో స్థిరపఱచి జీమ్సారంగు వేయుదురు. దట్టపు పూతను స్థిరపఱుపరు. రంగు వేయునపుడు ఎఱ్ఱకణములు విచ్ఛిన్నమై పోవుటచే, ఎక్కువ నెత్తురును తక్కువ కాలములో వెదకవచ్చును. మలేరియాజీవి ఎఱ్ఱని చుక్కతోడి నీలపు ఉంగరమువలె అగపడును. ఎఱ్ఱకణముపై పడిన రక్తఫలకము కూడ అట్లే భ్రమింపజేయును. రంగుముద్ద కూడ అంతే. మరను కొంచెము త్రిప్పినచో కణముపై తేలుచున్నదేదో, లోపలిదేదో తెలియును.

రోగి ప్రాణము ఆధారపడునది ఇచ్చటనే. ఫాల్సిపరం జాతి మలేరియా ఒక్కనాటిలోనే విషమింపవచ్చును. పది చోట్ల చూచి, ఏమియు లేదని వ్రాసిన చీటీ వైద్యుని దారి తప్పించును. దట్టపు పూతలో కనీసము 100 క్షేత్రములు చూడనిదే లేదని చెప్పరాదు. ఈనాడు నిమిషములలో తెలుపు పరీక్షాపట్టీలున్నవి. అయినను, జీవుల సంఖ్యను లెక్కించుటకు, మందు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు సూక్ష్మదర్శినియే శరణ్యము.

పని ముగిసిన పిదప తైలమును కటకపుకాగితముతోనే అద్దవలెను. ఉత్తరీయపు చెఱగుతో తుడిచినచో అందలి ఇసుకరేణువు గీత పెట్టును. తడిగాలి గల తీరప్రాంతములలో కటకములపై బూజు పట్టును గనుక, తేమను పీల్చు సిలికా జెల్‌తో పెట్టెలో నుంచవలెను. రేపటి రోగి నెత్తురును చూడవలసినది కూడ ఈ కటకమే గదా!