ఎర్లీ బర్డ్: అర సెకను ఆలస్యంపై పందెం.. తొలి వాణిజ్య సమాచార ఉపగ్రహం గెలిచిందిలా!

విదేశాల నుంచి లైవ్ ఇచ్చే రిపోర్టర్.. యాంకర్ ప్రశ్న అడిగాక ఓ క్షణం అలాగే చూస్తూ ఉండిపోతారు. గమనించే ఉంటారు కదా! శాటిలైట్ లింకులో ఆ ఆలస్యం తప్పదు. 60 ఏళ్ల కిందట ఇంజినీర్లను బాగా భయపెట్టింది కూడా ఇదే.

1962లో వచ్చిన టెల్‌స్టార్ ఉపగ్రహం తక్కువ ఎత్తులో తిరిగేది. ఒక్కో చుట్టులో అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉన్న కేంద్రాలకు కలిపి 20 నిమిషాల పాటే అందేది. సేవ ఆగకూడదంటే అలాంటివి చాలా కావాలి. అదే భూమధ్యరేఖపై దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో పెడితే? భూమితో సమానంగా తిరుగుతూ, మనకు కదలకుండా నిలిచినట్లే కనిపిస్తుంది. సముద్రం దాటించడానికి ఒక్కటి చాలు.

మరి చిక్కేంటి?

దూరం. మాట పైకెళ్లి కిందికి రావడానికే పావు సెకను. అవతలివాళ్ల జవాబు చెవిన పడేసరికి అర సెకను. ఇలాంటి ఫోన్‌కు జనం డబ్బులు కడతారా? అమెరికా కంపెనీ కామ్‌శాట్ అదే తేల్చుకోవాలనుకుంది. హ్యూస్ సంస్థతో ఉపగ్రహం చేయించింది. పేరు ఇంటెల్‌శాట్-1, ముద్దుపేరు 'ఎర్లీ బర్డ్'. కక్ష్యలో దీని బరువు 40 కిలోల లోపే!

కక్ష్యలోకి ఎలా చేరింది?

1965 ఏప్రిల్ 6న ఫ్లోరిడాలోని కేప్ కెనడీ నుంచి డెల్టా రాకెట్ దీన్ని మోసుకెళ్లి, ముందు కోలగా ఉండే కక్ష్యలో వదిలింది. తర్వాత ఉపగ్రహంలోనే ఉన్న మోటారును మండించి, అట్లాంటిక్‌కు పైన గుండ్రటి కక్ష్యలోకి మార్చారు. బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ అది నిలకడగా ఉండేది.

జూన్ 28న వాణిజ్య సేవలు మొదలయ్యాయి. సామర్థ్యం 240 ఫోన్ లైన్లు లేదా ఒక్క టీవీ ఛానల్. రెండూ ఒకేసారి కుదరవు. టీవీ ప్రసారం ఉంటే ఫోన్లు ఆపాల్సిందే!

ఆలస్యానికి జనం సర్దుకుపోయారు. 18 నెలల కోసం తయారైన ఉపగ్రహం మూడున్నరేళ్లు పనిచేసింది. 1969లో అపోలో 11 సమయంలో మళ్లీ ఆన్ చేశారు.

ఆ అర సెకను మాత్రం ఇప్పటికీ పోలేదు. స్టార్‌లింక్ లాంటి ఇంటర్నెట్ సేవలు మళ్లీ తక్కువ ఎత్తులో వేలాది ఉపగ్రహాలను తిప్పడానికి ఒక ముఖ్య కారణం అదే.