మీకు తెలుసా? చెవికి తగ్గ హెడ్‌ఫోన్

రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర కొన్నా, ఇంకెక్కడ కొన్నా, ముందు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టించండి. ధర చూసి కాదు, బాగా తెలిసిన పాట పెట్టి ఎంచుకోండి.

1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనో రికార్డింగులు. రెండు చెవులకూ ఒకే ధ్వని అందుతుంది కాబట్టి ఘంటసాల గొంతు తల మధ్యలోంచి వస్తున్నట్టు ఉంటుంది. విశాలమైన ధ్వని కోసం వేలు పోస్తే ఈ పాటలకు ఒరిగేది పెద్దగా లేదు. గొంతు సహజంగా పలికే హెడ్‌ఫోన్ చాలు. వీణ, మృదంగం కచేరీల స్టీరియో రికార్డింగులు వినేవారికైతే వెనుక భాగం తెరిచి ఉండే ఓపెన్‌బ్యాక్ రకం నిజంగా ఆనందాన్నిస్తుంది. 1968లో సెన్‌హైజర్ కంపెనీ తెచ్చిన హెచ్‌డీ 414 ఈ కోవలో తొలితరానిది. కానీ ఆ రకం బయటి రొదను ఆపదు, లోపలి పాటను బయటికి వదిలేస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కేవారికి మూసి ఉండే క్లోజ్డ్‌బ్యాకే నయం.

మరో సంగతి, చాలామంది పట్టించుకోనిది: కళ్లజోడు కాడలు చెవి మెత్తల కింద సందు చేస్తాయి, ముఖ్యంగా క్లోజ్డ్‌బ్యాక్‌లో బేస్ పలచబడుతుంది. కళ్లజోడు పెట్టుకునే వినిచూడండి. ఇక సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి, 300 ఓమ్‌ల ఇంపిడెన్స్ (విద్యుత్ అవరోధం) ఉన్న హెడ్‌ఫోన్లకు మామూలు ఫోను శక్తి తరచూ చాలదు. ఆంప్లిఫయర్ ఖర్చు కూడా కలిపి లెక్కవేసుకోవాలి.