చదువుల ఒత్తిడిలో ఒంటి బరువు

ఒంటి బరువు తగినంత ఉందా లేదా అని తేల్చడానికి వైద్యులు ముందుగా చూసేది బీఎంఐ. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె ఇది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న వైద్య విద్యార్థినికి అది 25. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అధిక బరువు ఇక్కడ మొదలవుతుంది. భారతీయుల కోసం మన నిపుణులు పెట్టిన హద్దు ఇంకా కింద ఉంది: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. అదే బీఎంఐ ఉన్న యూరప్ వాళ్లతో పోలిస్తే మనవాళ్లలో కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ కావడమే దీనికి కారణం. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్‌ల ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. చూడడానికి సన్నగా ఉన్నామన్న భరోసా మనకు అంతగా పనికిరాదు.

బడి పిల్లలకు ఈ హద్దులు వర్తించవు. ఎదిగే వయసులో ఎత్తు, కండ, కొవ్వు ఏటేటా మారుతుంటాయి గనుక వయసును, ఆడా మగా అన్నదాన్ని బట్టి పట్టికలో చూడాలి. పెద్దవాళ్లకు 22 మంచి అంకె. పదేళ్ల అబ్బాయికి అదే అంకె వస్తే ఊబకాయం కింద లెక్క. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో 5 నుంచి 18 ఏళ్ల వారికి మన పట్టికలు తయారుచేసింది.

బరువుతోపాటు రక్తం సంగతీ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బొద్దుగా ఉన్న అమ్మాయికి రక్తం తక్కువగా ఉండొచ్చని ఇంట్లో ఎవరికీ తోచదు. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర ఇద్దరికీ అవసరమే, బొద్దు పిల్లకీ బక్క పిల్లకీ.

పిల్లల బరువు పెరిగితే తిండిపోతుతనం అనేస్తారు. రోజు ఎలా గడుస్తోందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పొద్దున టిఫిన్ తినీ తినకుండా బడి బస్సు, సాయంత్రం ట్యూషన్, దారిలో చిప్స్ ప్యాకెట్, రాత్రి ఫోన్. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలను బడిలోనూ, బడికి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. గేటు ఎదుటి బడ్డీ కొట్టు మాత్రం అలాగే నడుస్తోంది. సీబీఎస్‌ఈ 2025లో బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ శీతల పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలు అక్కడ చదువుకోవచ్చు. మంచిదే. కానీ తెలిసినంత మాత్రాన అలవాటు మారదు. అందుకు వైద్య విద్యార్థులే సాక్ష్యం.

తెలుగు రాష్ట్రాల్లో వైద్య విద్యార్థి అయ్యే దారి చాలామందికి రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ గుండా పోతుంది. తెల్లవారక ముందు మొదలై రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్, మైదానం లేని భవనం, నీట్ తప్ప వేరే ధ్యాస లేని రెండేళ్లు. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు గంట ఆటో వ్యాయామమో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ టైంటేబుల్‌లో ఆ గంటకు గడే లేదు. ఎంబీబీఎస్‌లో చేరాక కొవ్వు, ఇన్సులిన్, గుండె జబ్బుల పాఠాలన్నీ వస్తాయి. ఎనిమిదింటి క్లాసుకు టిఫిన్ మానేయడం, క్యాంటీన్‌లో పఫ్, పరీక్షల ముందు అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్ కూడా వాటితోనే వస్తాయి. హౌస్ సర్జన్‌గా నైట్ డ్యూటీలు మొదలైతే నిద్ర మరీ చెదురుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి పెంచే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువవుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఈ సంగతి పరీక్షలో రాసిన విద్యార్థే ఆ రాత్రి మూడింటికి నూడుల్స్ తింటాడు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

కాబట్టి స్వీయ సంరక్షణ అంటే ఉన్న వేళల్లోనే చోటు చూసుకోవడం. టిఫిన్ మానకుండా గుడ్డో పెసరట్టో తినడం, తీపి పానీయం బదులు మజ్జిగ, భోజనం అవగానే టీ తాగకపోవడం (టీ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు), హాస్టల్ నుంచి ఆసుపత్రికి నడిచి వెళ్లడం. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర, పెద్దలకు కనీసం 7 గంటలు కావాలి. నెలకోసారి బరువు చూసుకుంటే చాలు. పూట భోజనం మాని బరువు తగ్గే ప్రయత్నం ఎదిగే పిల్లలకు హాని చేస్తుంది. ‘బొండాం’ అనో ‘చీపురుపుల్ల’ అనో చేసే వెక్కిరింతలు వాళ్లను అటే నెడతాయి. పిల్లలు డబ్బా దాచుకుని తినడం, ఆటల పీరియడ్ ఎగ్గొట్టడం అక్కడే మొదలవుతాయి.

కొన్ని గుర్తులు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మెడ వెనక నల్లబడితే మట్టి అనుకుని రుద్దుతారు, అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనే సూచన కావచ్చు. నెలసరి తప్పడం, గట్టిగా గురక, కారణం లేకుండా బరువు పడిపోవడం కూడా ఇలాంటివే. వైద్య విద్యార్థులకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మందుల పేర్లు తెలుసు గనుక సొంతంగా వాడేస్తారు, తోటివారికి తెలుస్తుందన్న మొహమాటంతో తమ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకోరు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇప్పుడు మన మార్కెట్‌లోకి వచ్చాయి గనుక ఈ అలవాటు మరింత ప్రమాదం. తమ కాలేజీలో ఇబ్బందిగా ఉంటే బయటి డాక్టర్‌కు చూపించుకోవచ్చు.