సీమకు కాపురమునకు పోవు చెల్లెండ్రకు

పూర్వము ఆడుబిడ్డ కాపురమునకు పోవునప్పుడు తల్లి సారెతోపాటు కొన్ని మాటలను గూడ మూటగట్టి పంపెడిది. శొంఠి యెప్పుడు అరగదీయవలయును, వాము ఎప్పుడు నమలవలయును, పసిబిడ్డ గుక్కపట్టి యేడ్చిన నేమి చేయవలయును అను సంగతులు ఆ మూటలో నుండెడివి. పొరుగూరి కాపురమునకు అవి చాలెడివి. నేడు మన కుమార్తెలు సముద్రములు దాటి సీమకు కాపురమునకు పోవుచున్నారు. అచ్చట జబ్బుచేసిన ఎవరి తలుపు తట్టవలయునో తల్లికిని తెలియదు, కుమార్తెకును తెలియదు. ఆ తెలియమి యెంత ప్రమాదకరమో నేను స్వానుభవమున నెరిగితిని. కావున ఇంగ్లండు దేశపు ప్రజావైద్య పద్ధతిని గూర్చి నేను తెలిసికొన్న విషయములను మీకు విన్నవించుచున్నాను.

తొలికానుపునకు కూతురు పుట్టింటికి వచ్చుట మన యాచారము. ఇప్పుడు పుట్టిల్లే విమాన మెక్కి కూతురి కడకు పోవలసిన కాలము వచ్చినది. 2024వ సంవత్సరము చలికాలమున నేనట్లే లండను నగరమునకు పడమరగా నున్న రెడింగు పట్టణమునకు పోయితిని. అల్లుడు అచ్చట కంప్యూటరు కంపెనీలో ఉద్యోగి. అమ్మాయికి తొమ్మిదవ నెల నడుచుచుండెను.

ఒక ఆదివారము రాత్రి అమ్మాయి నా ప్రక్కకు వచ్చి, "అమ్మా, మధ్యాహ్నము మొదలు బిడ్డ కదలిక తక్కువగా నున్నదే!" యనెను. నేను పెద్దరికము వహించి, "చల్లని నీళ్లు త్రాగి యెడమవైపునకు తిరిగి పండుకొనుము తల్లీ, తెల్లవారిన పిమ్మట చూతము" అంటిని. దానికిని సందేహములే. అంత రాత్రివేళ ఎవరిని పిలువవలయును? ఊరక వచ్చితిరని కోపపడుదురేమో? ఎన్ని వందల పౌండ్లు అడుగుదురో? ఈ యాలోచనలతో ఒక గంట గడచిపోయినది. అంతట అల్లుడు గర్భిణీ స్త్రీలకు ఆసుపత్రివా రిచ్చిన వివరములు తీసి చూచెను. బిడ్డ కదలిక తగ్గినచో ఉదయము వరకు వేచియుండక, పగలైనను రాత్రియైనను వెంటనే ఫోను చేయుడని అందు స్పష్టముగా నుండెను. ఫోను నెంబరును ఉండెను. ఫోను చేయగానే మిడ్‌వైఫు, అనగా ప్రసవము చేయించుటలో శిక్షణ పొందిన ఉద్యోగిని, "ఇప్పుడే రండు" అనెను.

ఆసుపత్రిలో అమ్మాయి కడుపునకు పట్టీలు కట్టి బిడ్డ గుండె కొట్టుకొనుటను యంత్రముచే పరిశీలించిరి. కొంతసేపటికి వైద్యురాలు వచ్చి బిడ్డ కష్టపడుచున్నదని చెప్పి, తెల్లవారకమునుపే ఆపరేషను చేసి ఆడుశిశువును బయటికి తీసెను. శిశువు బలహీనముగా నున్నను భగవంతుని దయవలన బ్రతికి బాగున్నది. "ఈ రాత్రి వచ్చి మంచిపని చేసితిరి" అని మిడ్‌వైఫు నాతో ననినప్పుడు నేను తల యెత్తలేకపోయితిని. నా మాట సాగియున్నచో ఆ రాత్రి మేము ఇంటనే నిద్రించియుందుము. మేము ఇంటికి వచ్చువరకు సొమ్ము మాట ఎవరును ఎత్తలేదు.

ఈ పద్ధతికి ఎన్.హెచ్.ఎస్. అని పేరు. 1948వ సంవత్సరము జూలై 5వ తేదీన ఇది ప్రారంభమైనది. అప్పటి ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్. ధనికుడైనను పేదయైనను రోగికి వైద్య మవసరమైనప్పుడు సొమ్ము అడుగక చికిత్స చేయవలయుననుట దీని మూలసూత్రము. దీనికి కావలసిన ధనము ముఖ్యముగా ప్రజలు చెల్లించు పన్నుల నుండి వచ్చును.

ఇది పరులసొమ్మని మనవారు సంకోచింప నక్కరలేదు. వీసాకు దరఖాస్తు పెట్టునప్పుడే ఆరోగ్య రుసుము ముందుగా చెల్లించుచున్నాము. 2015లో ఈ రుసుము ప్రారంభమైనప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరిలో పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకును పిల్లలకును 776 పౌండ్లు అయినది. వైద్యసేవల ఉద్యోగ వీసాపై పోవువారికి మాత్రము ఈ రుసుము లేదు. వెల ముందే చెల్లించి విస్తరిముందు కూర్చుండి, అన్న మడుగుటకు సిగ్గుపడుట తగునా?

సీమలో దిగిన వెంటనే చేయవలసిన మొదటి పని జీపీ కడ పేరు నమోదు చేయించుకొనుట. జీపీ యనగా ఆ పేటలోని కుటుంబ వైద్యుడు. ఆయన వైద్యశాలను అచ్చట "సర్జరీ" యందురు. ఆ మాట విని కోతయేమో యని బెదరవలదు. జ్వరమునకు మందు వ్రాయు చోటును అదియే.

పేరు వ్రాయించుటకు రుసుము లేదు. మా అమ్మాయి క్రొత్తగా పోయినప్పుడు ఒక సర్జరీలో, తన పేర కరెంటు బిల్లు లేదని తిప్పి పంపిరట. ఇంటి బిల్లులన్నియు భర్త పేరనే యుండెను. క్రొత్త కాపురమునకు పోయిన ఏ ఇల్లాలి పేర బిల్లు లుండును? అది మారుమాటాడక యింటికి వచ్చి మూడువారములు ఊరకున్నది. పిదప ఆ వీధిలోనే చిరకాలముగా నున్న యొక తెలుగు పెద్దమ్మగారు అసలు నిబంధనను తెలిపిరి. చిరునామా రుజువుగాని వీసా పత్రముగాని లేదని జీపీ పేరు నిరాకరింపరాదు. నిరాకరించినచో కారణమును వ్రాతమూలముగా తెలుపవలయును. అమ్మాయి మరల పోయి ఈ మాట మర్యాదగా చెప్పగా అదే దినమున పేరు వ్రాసికొనిరి. నోరు మంచిదైన ఊరు మంచిది; కాని నోరు విప్పుటయు నేర్వవలయును.

మన దేశమున గుండె దడదడలాడిన గుండె వైద్యుని కడకును, చర్మము దురదపెట్టిన చర్మవైద్యుని కడకును తిన్నగా పోవుదుము. అచ్చట ఎన్.హెచ్.ఎస్.లో సాధారణముగా అట్లు వీలుకాదు. మొదట జీపీ చూచి, అవసరమని తోచినచో పెద్ద ఆసుపత్రికి ఉత్తరము వ్రాయును. ఆ పిమ్మట చికిత్స ప్రారంభ మగుటకు 18 వారముల గడువు నిర్ణయింపబడి యున్నను, అనేకులకు అంతకంటె ఎక్కువ కాలము పట్టుచున్నది. వ్యాధి ముదిరినచో ఊరక వేచియుండక జీపీకి మరల తెలుపవలయును.

చిన్న బాధలకు మందులషాపులోని ఫార్మసిస్టును అడుగవచ్చును. 2024 జనవరి మొదలు ఇంగ్లండులో గొంతునొప్పి, పిల్లల చెవిపోటు, స్త్రీలకు వచ్చు మూత్రపు మంట మొదలగు ఏడు బాధలకు, తగినవారికి వైద్యుని చీటీ లేకయే వారు మందు లీయగలరు. ఏమి చేయవలయునో తోచనప్పుడు 111కు ఫోను చేసిన రాత్రింబగళ్లు సలహా చెప్పుదురు. ప్రాణాపాయమైనచో 999కి ఫోను చేయవలయును. అంబులెన్సునకై తడవుకొనవలదు.

ఆంగ్లము రాదని భయపడువారు దుబాసీని అడుగవచ్చును. తెలుగు వచ్చినవారిని ఫోనులోనైనను ఏర్పాటు చేయుదురు. అందులకు రుసుము లేదు. ఆడువారి బాధలను మరిదితోనో ఎదిగిన కొడుకుతోనో చెప్పించుకొనుట కంటె ఇది మేలు కదా! స్త్రీ వైద్యురాలు కావలయునని ముందుగా అడుగుటయు తప్పుకాదు.

నెల తప్పినట్లు తెలిసిన వెంటనే, జీపీ పంపువరకు ఆగక, మిడ్‌వైఫుల కార్యస్థానమునకు తిన్నగా తెలియజేసికొనవచ్చును. పదివారములు నిండకమునుపే తొలి పరీక్ష జరుగుట మేలు. ఆ సమయమున తలసీమియా యను వంశపారంపర్య రక్తవ్యాధికి పరీక్ష చేయుదురు. మన దేశపు స్త్రీలకు గర్భసమయమున మధుమేహము వచ్చు నవకాశ మెక్కువ. కావున 24 మొదలు 28 వారముల మధ్య చక్కెరనీరు త్రాగించి రక్తము పరీక్షింతురు. ఎండ తక్కువైన దేశము గనుక దినమునకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి పుచ్చుకొనుడని చెప్పుదురు.

ఇంగ్లండులో సాధారణముగా చీటీలోని ఒక్కొక్క మందునకు రుసుము కలదు. 2024 మే మాసమున అది 9 పౌండ్ల 90 పెన్నీలైనది. స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలో ఈ రుసుము లేదు. ఇంగ్లండులో గర్భిణులకును, ప్రసవమైన పిదప ఏడాది వరకు తల్లులకును మందులును ఎన్.హెచ్.ఎస్. దంతవైద్యమును ఉచితము. అందులకు ధ్రువపత్రము కావలయును. మిడ్‌వైఫును అడిగి తీసికొనుడు.

బిడ్డ పుట్టిన పిదప ఎరుపు అట్టగల యొక పుస్తక మిచ్చెదరు. బిడ్డ బరువు, ఎదుగుదల, టీకాలు అన్నియు అందు వ్రాయుదురు. దానిని పెట్టెలోని నగవలె భద్రపరుపుడు. హెల్త్ విజిటరు అను నామె యింటికి వచ్చును. ఆమె తప్పులు పట్టుటకు వచ్చు అధికారిణి కాదు. పాలు చాలకున్నను, నిద్రలేకున్నను, కారణము లేక దుఃఖము వచ్చుచున్నను ఆమెతో చెప్పుకొనవచ్చును. బాలింతరాలి దుఃఖమును గాలిసోకుట యనియో గారాబమనియో మనము కొట్టివేయుదుము. అచ్చట దానిని చికిత్స చేయదగిన బాధగా చూతురు.

గర్భాశయ ముఖమున పుట్టు పుండును ముందే కనిపెట్టు పరీక్షకు 25 మొదలు 64 ఏండ్లవరకును, రొమ్ము పరీక్షకు 50 దాటిన పిదపను ఆహ్వానములు పంపుదురు. సిగ్గుచే ఆ ఉత్తరములను మూలబెట్టవలదు.

ఇక నావలె కూతురి కానుపునకు పోవు తల్లులకు ఒక హెచ్చరిక. సందర్శకుల వీసాపై పోవు మనము ఆరోగ్య రుసుము చెల్లింపలేదు. జీపీ చూచుటకును, అత్యవసర విభాగమున చేయు ప్రథమ చికిత్సకును రుసుము లేదు గాని, ఆసుపత్రిలో చేర్చుకొనినచో ఎన్.హెచ్.ఎస్. నిర్ణయించిన వెలకు ఒకటిన్నర రెట్లు చెల్లించవలసి యుండును. అది అల్లుని యేడాది జీతమును మింగగలదు. కావున ప్రయాణమునకు ముందే ఇన్సూరెన్సు తీసికొని, రక్తపుపోటు, మధుమేహము వంటివి యున్నచో దాచక అందు వ్రాయింపుడు. ఉండబోవు దినములకు సరిపడు మందులను, మన వైద్యుని చీటీతో గూడ తీసికొనిపొండు.

నేను తిరిగి వచ్చునప్పుడు ఒక కాగితముపై జీపీ నెంబరు, మిడ్‌వైఫుల నెంబరు, 111, 999 తెలుగు అంకెలలో పెద్దగా వ్రాసి అమ్మాయి వంటింటి గోడకు అంటించితిని. చూచి అది నవ్వి, "అమ్మా, నాకు తెలుగు అంకెలు వచ్చునా?" యనెను. వెంటనే క్రింద మామూలు అంకెలును వ్రాసితిని. సోదరీమణులారా! ఈసారి మీ బిడ్డకు సారె కట్టునప్పుడు శొంఠితోపాటు ఇట్టి కాగిత మొకటి పెట్టుడు. "ఊరక వచ్చితివని ఎవరేమనుకొన్నను సరే, అనుమానము కలిగిన వెంటనే ఫోను చేయుము" అను మాటయు దానితో చెప్పి పంపుడు. నేను ఆ రాత్రి చెప్పవలసి యుండియు చెప్పని మాట అదియే.