ఓర్టా గోడ మీద రెండు పేర్లు

పడవలో ఉన్నది ఇద్దరే అయితే, నడిసముద్రంలో ఆ ఇద్దరూ కలిసి గడిపేది చాలా తక్కువ. ఒకరు నిద్రపోతే మరొకరు మేలుకోవాలి. మూడేసి గంటలకో వంతు. ఆమె కళ్లు నులుముకుంటూ పైకొస్తుంది, ఆయన తూలుతూ కిందికి దిగుతాడు. “కుడివైపు ఓడ దీపం ఒకటి కనిపిస్తోంది చూడు. గాలి కాస్త పెరిగింది. టీ ఫ్లాస్కులో ఉంది.” మాటలంటే అంతే. 2017-18లో తారిణి పడవ మీద భూగోళాన్ని చుట్టి వచ్చిన మన నావికాదళ మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. అక్కడ వంతులు పంచుకోవడానికి ఆరుగురు. ఇక్కడ మొగుడూ పెళ్లామే.

మే నెలలో కరీబియన్ దీవుల నుంచి బయల్దేరి రెండు మూడు వారాలు ఇలా నెట్టుకొచ్చిన జంటకు, ఓ తెల్లవారుజామున మబ్బుల పైన కొండ కొస ఒకటి కనిపిస్తుంది. అది పికో. 2,351 మీటర్లు. పోర్చుగల్‌లో అంతకు మించిన శిఖరం లేదు, మన తూర్పు కనుమల్లోనూ లేదు. ఆ కొండకు ఎదురుగా, ఫెర్రీలో అరగంట దూరంలో, ఫయాల్ అనే చిన్న దీవి. దాని రేవు పట్టణమే ఓర్టా.

మ్యాపులో చూస్తే అట్లాంటిక్ నడుమ విసిరేసినట్టుండే అజోర్స్ దీవుల్లో ఒక ఊరు ఇంతమందికి మజిలీ కావడానికి కారణం గాలే. యూరప్ నుంచి కరీబియన్‌కు పోయేటప్పుడు వెనక నుంచి తోసిన ఈశాన్య గాలులు, తిరిగొచ్చేటప్పుడు మొహానికి కొడతాయి. తెరచాప పడవ ఎదురుగాలికి నేరుగా పోలేదు. అందుకని ముందు ఉత్తరానికి ఎక్కి, పడమటి గాలులు అందుకుని, అప్పుడు తూర్పుకు తిరగాలి. ఆ చుట్టుదారి మీద ఉంది ఓర్టా. 1895 జులైలో, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టడానికి అమెరికా నుంచి బయల్దేరిన జాషువా స్లోకమ్ కూడా ఇక్కడే ఆగాడు. అక్కడ పళ్లూ జున్నూ ఇచ్చి పంపారు. ఆల్‌బుకరా పళ్లూ తెల్ల జున్నూ కలిపి తిన్నందుకు సముద్రం మీద కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయి, ఆ మైకంలో కొలంబస్ నాటి నావికుడెవరో తన పడవ నడుపుతున్నట్టు చూశాడు! ఒంటరివాడికి వంతు తీసుకోవడానికి అలాంటివాడు కావాల్సొచ్చింది మరి.

పడవలు ఆగడానికి ఇప్పుడున్న మెరీనా 1986లో తెరిచారు. మే, జూన్ నెలల్లో చోటు చాలదు. పడవ పక్కన పడవ, దానికి ఆనించి ఇంకో పడవ కట్టేస్తారు. నాలుగో వరుసలో ఉన్నవాళ్లు ఒడ్డుకు పోవాలంటే మూడు పడవలు దాటాలి. దానికో మర్యాద ఉంది: అడుగు చప్పుడు కాకుండా, ముందుభాగం మీదుగానే నడవాలి. వాళ్లు కూర్చునే వెనకభాగంలోంచి పోకూడదు. పక్కింటి వాకిట్లోంచి పోవచ్చు గానీ నట్టింట్లోంచి పోకూడదన్నట్టు.

ఒడ్డున కాలు పెట్టగానే నేల ఊగుతుంది. మూడు వారాలు ఊగిన ఒళ్లు అంత త్వరగా ఒప్పుకోదు. కావలసినంత మంచినీళ్లతో స్నానం, వేడి రొట్టె, తాజా టమాటాలు. ఆ రాత్రి అలారం పెట్టుకోకుండా ఇద్దరూ ఒకేసారి పడుకుంటారు. నన్నడిగితే ఓర్టా ఇచ్చే వాటన్నిటిలో గొప్పది అదే. ఆ మాటకొస్తే, ఏ రేవు ఇచ్చేదైనా అదే.

మర్నాడు సాయంత్రం కాళ్లు పీటర్ కెఫే స్పోర్ట్ వైపు నడుస్తాయి. నీలం రంగు ముఖద్వారం, లోపల పైకప్పు నిండా పడవలవాళ్లు వదిలివెళ్లిన జెండాలు. 1918లో హెన్రీకె అజెవెదు పెట్టిన కొట్టు ఇది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రేవులో ఉన్న బ్రిటిష్ ఓడలో ఆయన కొడుకు జుజె పనిచేసేవాడు. ఆ ఓడ అధికారికి అతన్ని చూస్తే ఇంటి దగ్గరున్న తన కొడుకు పీటర్ గుర్తొచ్చేవాడట. అలా పిలిచిన పేరే జుజెకు స్థిరపడిపోయింది, కొట్టుకూ దక్కింది. పడవలవాళ్ల పేర ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఉత్తరాలు భద్రంగా దాచి, మనిషి వచ్చినప్పుడు చేతికిచ్చేవాళ్లు. దిక్కూ మొక్కూ లేని నీళ్ల మీద నెల తిరిగినవాడికి అదే చిరునామా.

ఈ ఆదరణ ఊరికే వచ్చింది కాదనిపిస్తుంది. దీవి పడమటి కొసన కపెలిన్యుష్ దగ్గర 1957 సెప్టెంబర్ 27న సముద్రం ఉడకడం మొదలెట్టింది. నీటి అడుగున అగ్నిపర్వతం. పదమూడు నెలలు బూడిద కక్కింది. లైట్‌హౌస్ కింది భాగం దాంట్లో పూడిపోయింది, ఆ దీపం ఆరిపోయింది. ఇళ్లూ పొలాలూ పోయినవాళ్ల కోసం 1958లో అమెరికా ప్రత్యేక చట్టం చేసింది. దానికోసం గట్టిగా నిలబడ్డవాళ్లలో అప్పటి సెనేటర్ కెనెడీ ఒకరు. కుటుంబాలకు కుటుంబాలు ఓడెక్కాయి. అన్ని వీడ్కోళ్లు చూసిన ఊరు, వచ్చేవాళ్ల తాడు అందుకోవడానికి పరిగెత్తడంలో వింతేముంది?

ఇక గోడ. అలలకు అడ్డుగా కట్టిన కాంక్రీటు మీద, నడిచే దారి మీద, ఖాళీ అన్నది లేకుండా బొమ్మలు. ఇక్కడ ఆగిన పడవ బొమ్మ వేయకుండా వెళితే ముందు ప్రయాణంలో కీడు జరుగుతుందని నమ్మకం. నమ్మనివాళ్లు కూడా వేస్తారు. ముందు బ్రష్షుతో ఉప్పూ మట్టీ గీకాలి. ఒక పూత తెల్లరంగు వేసి ఆరనివ్వాలి. ఆమె మోకాళ్ల మీద వంగి పడవ బొమ్మ గీస్తుంటే, ఆయన రంగు డబ్బా గాలికి దొర్లిపోకుండా పట్టుకుని కూర్చుంటాడు. పడవ పేరు, వాళ్లిద్దరి పేర్లు, ఏడాది. వాన పడితే మళ్లీ మొదటికి.

ఎండకూ ఉప్పునీటికీ ఆ రంగులు ఎక్కువ కాలం నిలవవు. పూర్తిగా వెలిసిన బొమ్మ మీద కొత్తవాళ్లు వేసుకోవచ్చు. కొంచెమైనా పేరు కనిపిస్తుంటే ముట్టుకోకపోవడం మర్యాద. ఏళ్ల తర్వాత మళ్లీ ఇటు వచ్చిన జంటలు పడవ కట్టేసీ కట్టేయకముందే గోడ వెంబడి వెతుక్కుంటూ పోతారు. దొరికితే, పాత గీతల మీదే రంగు దిద్ది, పాత ఏడాది కింద కొత్త ఏడాది రాస్తారు. ఆ కింద ఇంకో ఏడాదికి చోటుందో లేదో చూసుకుంటారు.