చిన్న యంత్రము – పెద్ద వెల

పుప్పాలగూడ వంటి చోట్ల పలు ఇండ్లలో పడకగదియే కార్యాలయమైనది. బల్లపై చోటు తక్కువ. కనుక అందమైన చిన్న కంప్యూటరుపై మనసు పోవుట సహజమే. అయితే ఆ హెచ్చు వెల తగునా?

2000లో ఆపిల్ సంస్థ 'పవర్ మ్యాక్ జీ4 క్యూబ్'ను 1,799 డాలర్లకు విడుదల చేసినది. అందులో ఫ్యాను లేదు. వేడిగాలి తానే పైకి పోయెడిది. ఆ సంస్థవారిదే పెద్ద పెట్టె యంత్రము 200 డాలర్లు తక్కువకే లభించెడిది. కొత్త భాగములు చేర్చుకొను వీలును అందులోనే హెచ్చు. కొనువారిలో అధికులు దానివైపే మొగ్గిరి. 2001 జులైలో క్యూబ్ ఉత్పత్తి నిలిచినది.

2024 నాటి మ్యాక్ మినీ ఐదంగుళముల చదరము మాత్రమే. కాని దాని మెమరీని తరువాత పెంచుకొనరాదు. ఎంత కావలెనో కొనునాడే నిర్ణయించుకొనవలెను.

చోటు, నిశ్శబ్దము నిత్యావసరములైనచో హెచ్చు వెల సార్థకమే. భాగములు మార్చుకొనుచు పదికాలములు వాడుకొనదలచువారికి పెద్ద పెట్టెయే మేలని మేము తలచుచున్నాము.